ఘాటు లేదని అవ్వ ఇచ్చిన తీర్పు

నవాగామ్, సూరత్
24 జనవరి 2021

ఎర్రకుంట గ్రామ పంచాయతీలో కాగితాలు, లెక్కలు చూసే కారోబారు, వయసులో నాకంటే ఎనిమిదేండ్లు, కోపంలో ఇరవై ఏండ్లు పెద్దవారైన పేరుకు మాత్రమే బ్రహ్మచారి అయిన అన్న సముఖానికి తమ్ముడు రఘుపతి నమస్కరించి విన్నవించునది.

విషయం: మిరపకాయలను యంత్రంలో ఎండబెట్టుట గురించి.

నాన్న సంవత్సరీకం నాడు మనమిద్దరం ఫోన్లో అనుకున్న మాటలు విని, కన్నతల్లిగా అవ్వ జారీచేసిన ఉత్తర్వు తమకు గుర్తుండే ఉంటుంది: "ఇగ మీరు ఫోన్ల మాట్లాడుకునుడు బందు. కాయితం మీద రాసుకోండ్రి. రాసేటప్పుడన్న జర సోయి ఉంటది, ఏమంటున్నమో తెలుస్తది." ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమలులో ఉన్నందున ఈ లేఖ. మెట్‌పల్లి ట్రావెల్స్ బస్సు నడిపే రాజమల్లు ఎప్పటిలాగే తమ చేతికి అందజేస్తాడు.

నిరుడు లాక్‌డౌన్ నాటినుంచి మా బిల్డింగు కమిటీ డాబా తలుపుకు తాళం వేసింది. పైన జనం గుమికూడితే రోగం వ్యాపిస్తుందని కారణం చూపారు. కమిటీ సమావేశాలు మాత్రం డాబా మీదే జరుగుతున్నాయి. అంతకుముందు పదకొండేండ్లు అవ్వ అక్కడే మిరపకాయలు ఎండబోసింది. నవాగామ్‌లోని మన తెలుగు ఇండ్లలో సగం ఇండ్లవాళ్ళు ఆమె వాసన చూసి సరేనన్న కాయనే కారం పట్టించడానికి గిర్నికి తీసుకుపోతారు. కాయను తొడిమ దగ్గర తుంచి, ఎడమ ముక్కు మూసి, కుడి ముక్కుతో పీల్చి ఆమె చెప్పే తీర్పులు మూడే: 'కారానికి', 'తాలింపుకు', 'రంగుకు'. ఘాటు లేక రంగుకే పనికొస్తుందన్న ఆ మూడో తీర్పు పొందిన కాయ తెచ్చినవాడు సంచి మూతి కట్టుకుని మాట్లాడకుండా వెళ్ళిపోతాడు.

డాబా లేక అవ్వ దిగులుపడుతుండగా, తమరి మరదలు మంగ వంట చేసే డాక్టరు ఉమామహేశ్వరరావు గారి ఇంటినుంచి ఒక డీహైడ్రేటర్ లభించింది. పిల్లలకు యాపిల్ ముక్కలు ఎండబెట్టడానికి కొన్నారట; పిల్లలు తినలేదు. చిన్న బీరువా వంటి పెట్టె, లోపల ఐదు జల్లెడ పళ్ళేలు, వెనుక ఒక పంకా. పండుమిర్చిని నిలువునా చీరి పేర్చి, అరవై డిగ్రీల మీద పన్నెండు గంటలు వదిలిపెట్టాలి. అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎండబెడ్తదా, ఉడకబెడ్తదా?" అని విచారించింది.

ఇది సమాచార నిమిత్తం మాత్రమే. తమరి అభిప్రాయం కోరబడలేదు.

పల్సానా మిల్లుకు రెండో షిఫ్టు బస్సు వస్తున్నందున ఇక్కడ ఆపుతున్నాను.
రఘుపతి

*

ఎర్రకుంట, మెట్‌పల్లి మండలం
3 ఫిబ్రవరి 2021

చిరంజీవి రఘుపతిని ఆశీర్వదించి అన్న బ్రహ్మచారి తెలియజేయునది.

సూచిక: నీ లేఖ, తేదీ 24-1-2021, పసుపు మరకతో అందినది.

కోరబడని అభిప్రాయం ఈ క్రింది విధంగా ఉన్నది. మిరపకాయ పగలంతా ఎండకు ఎండాలి, రాత్రి కుప్పలో పడుకుని ఊపిరి తీసుకోవాలి, తెల్లవారి మళ్ళీ ఎండాలి. దానికి పది రోజులు పడుతుంది. పెట్టెలో పెట్టి పంకా కొడితే ఎండేది గుడ్డ. నీవు పద్దెనిమిదేండ్లుగా మిల్లులో తడి గుడ్డను ఆరబెడుతున్నావు గనుక నీకు లోకంలో ఉన్నదంతా తడి గుడ్డగా కనబడుతున్నదని మీ వదిన వినోద అభిప్రాయపడింది. నేను ఆమెను ఖండించలేదు.

ఇక్కడ నాకు తీరిక లేదు. కరోనా లక్షణాల పట్టికను పంచాయతీ గోడమీద ఎర్ర రంగుతో రాసే బాధ్యత నా మీద పడింది. పెయింటరుకు నిధులు లేవు, నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని సర్పంచి సెలవిచ్చారు. పొగడ్తకు నిధులు అవసరం లేదు. లక్షణాలు నాలుగు. మొదటి మూడూ పెద్దగా రాసేసరికి నాలుగో పంక్తికి చోటు చాలక కింద చిన్నగా ఇరికించాను. రోడ్డు మీదినుంచి చూస్తే మూడే కనబడతాయి. ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

అసలు విషయానికి వస్తాను. అవ్వ సూరత్‌లో ఉన్నది డాబా ఉన్నందుకు. డాబా పోయాక ఆమె అక్కడ ఉండడానికి ఆధారం ఏమిటి? ఇక్కడ వాకిలి ఉంది, ఎండ ఉంది. కనుక ఒక ఒప్పందం ప్రతిపాదిస్తున్నాను. ఉగాది నాటికి ఆ పెట్టె మిరపకాయమీద అవ్వ తీర్పు చెప్పాలి. 'కారానికి' అంటే ఆమె నీ దగ్గరే ఉంటుంది, నేను ఇక నోరెత్తను. 'రంగుకు' అంటే ఆమెను నా దగ్గరికి బస్సెక్కించాలి, నీవు నోరెత్తకూడదు.

ఆమె ముక్కును నీవైనా నేనైనా ప్రశ్నించేది లేదు.

బ్రహ్మచారి

*

నవాగామ్
21 ఫిబ్రవరి 2021

అన్న సముఖానికి, ఓటమిని హుందాగా స్వీకరించగలరని ఆశిస్తూ.

తొలి విడత పదిహేనో తేదీన పెట్టాము. యంత్రం నడిచేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలని దానితో వచ్చిన కాగితంలో ఉందట. కాగితం ఇంగ్లీషులో ఉంది. మూడో గంటకు మంగ, ఐదో గంటకు నేను, ఆరో గంటకు పై అంతస్తు భాగీరథి కుటుంబం, ఏడో గంటకు డాబా తాళంచెవి మొలలో దోపుకుని తిరిగే కమిటీ కార్యదర్శి దగ్గడం ప్రారంభించారు. ఎవరో ఫోన్ చేశారు. తెల్లటి ముసుగు దుస్తుల్లో ముగ్గురు ఆరోగ్య కార్యకర్తలు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఖాసీ కిస్‌కో హై?" అని, అంటే దగ్గు ఎవరికని, అడిగారు.

"సబ్‌కో హై, సాబ్. మిర్చీ హై," అన్నది మంగ.

నమ్మలేదు. లోపలికి వచ్చారు. రెండు నిమిషాల్లో ముగ్గురూ దగ్గారు. దగ్గినవారి జాబితాలో పద్నాలుగు పేర్లు రాసుకున్నారు, తమ పేర్లు రాసుకోలేదు. మా తలుపుకు కాగితం అంటించి మూడు రోజులు లోపలే ఉంచారు. పరీక్షల్లో ఎవరికీ ఏమీ లేదని తేలింది. ఆనాటినుంచి మా మెట్లమీద ఎవరు దగ్గినా అవ్వ పేరు పెట్టి "వెంకటవ్వ మిర్చీ" అని నవ్వి ఊరుకుంటున్నారు. ఈ రోజుల్లో దగ్గుకు ఇంత గౌరవప్రదమైన సంజాయిషీ సూరత్ మొత్తం మీద మా బిల్డింగుకే ఉన్నది.

ఇక తీర్పు. అవ్వ ఒక కాయ తుంచింది, ఎడమ ముక్కు మూసింది, పీల్చింది. మూడుసార్లు తుమ్మి, కొంగుతో కండ్లు ఒత్తుకుని, యథాతథంగా ఇట్లా అన్నది: "కారానికి. పెట్టెదేం తప్పు లేదు పో. ఎండ కొట్టకున్నా ఎండుతది, నా లెక్కనే."

ఒప్పందం ప్రకారం తమరి మౌనాన్ని ఆశిస్తున్నాను.

గెలిచిన తమ్ముడు,
రఘుపతి

*

ఎర్రకుంట
9 మార్చి 2021

రఘుపతికి,

మౌనం వహించే ముందు కొన్ని అభ్యంతరాలు నమోదు చేయవలసి ఉన్నది.

తీర్పు చెప్పిన న్యాయమూర్తి ప్రతివాది ఇంట్లో, ప్రతివాది భార్య వండిన అన్నం తింటున్నది. వాది ఆరువందల మైళ్ళ దూరంలో ఉన్నాడు. పైగా అవ్వ ఆనాడు మూడు రోజులు తలుపు మూసిన గదిలో ఉన్నది. అట్టి పరిస్థితిలో వెలువడిన తీర్పు ఎర్రకుంటలో చెల్లదు.

నీవు రెండో విడత ఎండబెట్టాలి. దానిమీద అవ్వ తిరిగి తీర్పు చెప్పాలి. అదే విడతలోనుంచి కిలో నమూనా ఇక్కడికి పంపాలి. దానిని పరిశీలించడానికి నా అధ్యక్షతన ఒక కమిటీ వేశాను. సభ్యులు: నలభై ఏండ్లుగా మిరప ఏరుతున్న గంగవ్వ, ఏదైనా తిని అరిగించుకోగల గంగారాం. కమిటీ నివేదిక లిఖితపూర్వకంగా నీకు అందుతుంది. ఎట్లా ఉంటే అట్లా, అక్షరం మార్చకుండా పంపుతానని పంచాయతీ ముద్ర సాక్షిగా హామీ ఇస్తున్నాను.

సూరత్‌లో కేసులు మళ్ళీ లేస్తున్నాయని టీవీలో చూపుతున్నారు. అవ్వను బయటికి పంపకు. నీకు జాగ్రత్త చెప్పడం నా విధి గనుక చెప్పాను. వింటావని కాదు.

బ్రహ్మచారి

*

నవాగామ్
7 ఏప్రిల్ 2021

అన్నా,

తమరి కోరిక నెరవేరింది.

నిన్న రెండో విడత తీశాము. మొదటిదానికంటే ముదురు ఎరుపు, గలగల శబ్దం. పళ్ళెం బయటికి తీయగానే నా కండ్ల వెంట నీళ్ళు కారినవి. అవ్వ కాయ తుంచింది, పీల్చింది. తుమ్మలేదు. ఇంకో కాయ తుంచింది. ఎడమ ముక్కు మూసిన చేయి తీసి కుడి ముక్కు మూసి చూసింది. రెండు కాయలనూ పళ్ళెంలో పడేసి "రంగుకు" అన్నది.

"సరిగ్గ చూడవ్వా," అన్నాను.

"చూసిన. కాయితం లెక్కున్నది. దీంట్ల పాణం లేదు," అన్నది.

తమరు వేసిన అభ్యంతరాలు ఆమెకు చదివి వినిపించిన నాడే ఇది జరుగుతుందని నేను ఊహించవలసింది. పెద్దకొడుకు బాధపడ్డాడని తల్లి మనసు కరిగింది. ఆ పక్షపాతం బయటపడకుండా ఆమె తీసుకున్న జాగ్రత్త మాత్రం మెచ్చుకోదగినది: అదే సాయంత్రం ఎప్పుడూ అవ్వకే కాయ చూపించే సారక్క తన ఊరినుంచి తెప్పించిన, నికార్సుగా ఎండలో ఎండిన కాయను తెస్తే, దాన్ని కూడా "రంగుకు" అనేసింది. పాపం సారక్క సంచి కట్టుకుని పోయింది. ఘాటు లేదని నిరూపించడానికి అవ్వ నిన్న పప్పుచారులో నాలుగు గరిటెల కారం గుమ్మరించింది. నేను, మంగ తినలేక లేచాము. ఆమె కొంచెం తాగి, గిన్నె పక్కకు పెట్టి, పడుకున్నది. అలక.

ఇంకొక వైపరీత్యం చూడండి. రెండు రోజులుగా ఆమె దగ్గుతున్నది. పెట్టె ఘాటుకు దగ్గు వస్తుండగా, పెట్టె కాయలో ఘాటు లేదని తీర్పు ఇవ్వడం ఏ న్యాయశాస్త్రం? ఈ మాట ఆమెతోనే అన్నాను. గోడవైపు తిరిగింది.

అదే విడత నమూనా కిలో, సీలు వేసి రాజమల్లు చేతికి ఇచ్చాను. తమరి కమిటీ నివేదిక కోసం ఎదురుచూస్తాను. నాకు మిగిలిన అప్పీలు అదొక్కటే.

రఘుపతి

*

ఎర్రకుంట
14 ఏప్రిల్ 2021

చిరంజీవి రఘుపతికి ప్లవ నామ సంవత్సర ఉగాది ఆశీస్సులు.

నీ లేఖ చదివి వినోదకు వినిపించాను, ఆ తరువాత గంగారాంకు, ఆ తరువాత పంచాయతీ ఆఫీసులో ఉన్నవారికి. తల్లి ముక్కు తల్లి ముక్కే. ఒకసారి భయపెట్టి అనిపించవచ్చు, రెండుసార్లు అనిపించలేవు. 'పాణం లేదు' అన్న ఆ ఒక్క మాటను నేను మూడుసార్లు చదివాను. పది రోజుల ఎండకు, పన్నెండు గంటల పంకాకు తేడా ఇంతకంటే క్లుప్తంగా ఎవరు చెప్పగలరు?

దగ్గు సంగతి: పెట్టె ఆపితే దగ్గు ఆగుతుంది. ఇది వైద్యుడు చెప్పనక్కరలేని విషయం.

నమూనా అందినది. పరిశీలనలో ఉన్నది. పండుగ సెలవులవల్ల నివేదిక ఆలస్యం కావచ్చు. ఏమైనా అవ్వ తీర్పు వెలువడిన తరువాత కింది కమిటీ అభిప్రాయానికి విలువ లేదు గనుక దానికోసం నీవు ఆగవలసిన పని లేదు. ఒప్పందం ప్రకారం ఇరవయ్యో తేదీ బస్సుకు ఆమెను ఎక్కించు. వినోద వాకిలి అలికించింది.

బ్రహ్మచారి

*

నవాగామ్
17 ఏప్రిల్ 2021

అన్న గారికి,

తీర్పును శిరసావహించి పదమూడో తేదీ ఉదయం పెట్టె ప్లగ్గు పీకివేశాను. నాలుగు రోజులైనా అవ్వ దగ్గు ఆగలేదు. గోడలకు పట్టిన ఘాటు దిగడానికి వారం పడుతుందని బిల్డింగు కమిటీ కార్యదర్శి అభిప్రాయపడ్డారు. మెట్లమీద ఇప్పుడు చాలామంది దగ్గుతున్నారు. అందరూ "వెంకటవ్వ మిర్చీ" అంటున్నారు. నవ్వడం మాత్రం తగ్గింది.

ఉగాది నాడు మంగ మన పద్ధతిలో పలుచగా కలిపిన పచ్చడి ఇస్తే అవ్వ ఒక గుక్క తాగి, "ఏమేసినవే ఇండ్ల? నీళ్ళే ఉన్నయి," అన్నది. మంగ చిన్నబుచ్చుకుంది. నాకు కోపం వచ్చింది. "నీ పెద్దకొడుకు చేస్తే ఆరు రుచులు తెలుస్తుండె కదనే?" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. గిన్నెను మంగ చేతికి తిరిగి ఇచ్చేసింది. నాకు అది ఒప్పుకోలుగా తోచింది.

ఇరవయ్యో తేదీకి సీటు రాయించాను. కిటికీ పక్క సీటు.

నివేదిక ఇంకా రాలేదు. రాకపోయినా ఇక పరవాలేదు.

రఘుపతి

*

నవాగామ్
3 మే 2021

అన్నా,

మంగ వదినకు ఫోన్లో చెప్పిన విషయం నీకు చేరింది. మిగిలింది కాగితం మీద రాయవలసినది, రాస్తున్నాను.

పంతొమ్మిదో తేదీన మూట కట్టుకోవడానికి లేచి అవ్వ కూలబడింది. మంగ డాక్టరు గారికి ఫోన్ చేసింది. జ్వరం, దగ్గు ఎన్నాళ్ళనుంచి అని ఆయన అడగలేదు. ఒకే ప్రశ్న అడిగారు: "అమ్మకు వాసన తెలుస్తోందా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర పదమూడు రోజులనుంచి ఉన్నది. తేదీ వేసి, సంతకం చేసి, నీకు పంపి ఉన్నాను.

"పదమూడు రోజుల ముందే తెస్తే?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపల ఆయనకు ఇంకో ఫోన్ వచ్చింది.

మూడు ఆసుపత్రులు తిరిగి నాలుగోచోట, వరండాలో, మంచం దొరికింది. లోపలికి తీసుకుపోయే ముందు అవ్వ నా చేయి పట్టుకుని తన తీర్పును వెనక్కు తీసుకున్నది. "పెట్టెదేం తప్పు లేదు బిడ్డా. నాకే ఏం తెలుస్తలేదు. మిరపకాయ తెలుస్తలేదు, ఉప్పు తెలుస్తలేదు, సబ్బు తెలుస్తలేదు."

"మరి ముందెందుకు చెప్పలేదే?"

"ముక్కు పోయిందని తెలిస్తే నా దగ్గరికి మిరపకాయలెవరు తెస్తరురా? ఎవ్వరు తేకపోతే ఇగ నేనెందుకు, ఇక్కడైనా, అక్కడైనా?"

ఆ తరువాత ఆమెను నేను చూడలేదు. ఇరవై రెండో తేదీన దూరంనుంచి ఒక మూట చూపించారు. దహనం వరుసకు నాకు టోకెన్ నంబరు ఇచ్చారు, నలభై ఒకటి. ఎదురుచూస్తున్నవాళ్ళలో ఒకాయన దగ్గితే అందరం పక్కకు జరిగాము. అక్కడ మిర్చీ అని ఎవరూ అనలేదు.

సారక్క నిన్న గుమ్మం దాకా వచ్చింది. మరో చోటినుంచి తెప్పించిన కాయలట. ఎవరికి చూపించాలో తెలియక సంచి పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ ఏడున పంపిన నమూనా మీద మీ కమిటీ ఏమి తేల్చిందో నాకు ఇంతవరకు అందలేదు. రికార్డు కోసం పంపగలవు.

రఘుపతి

*

ఎర్రకుంట
10 మే 2021

తమ్మీ,

సూచిక: నీవు అడిగిన నివేదిక.

నివేదిక ఆలస్యం కాలేదు. నమూనా ఏప్రిల్ తొమ్మిదో తేదీ సాయంత్రం అందినది. కమిటీ ఏప్రిల్ 11, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మన వాకిట్లో సమావేశమైంది. గంగవ్వ సీలు తీసి ఒక కాయ తుంచింది. ఆమె ఐదుసార్లు తుమ్మింది. గంగారాం చిటికెడు నాలుక మీద వేసుకుని బోరింగు దగ్గరికి పరుగెత్తాడు. అధ్యక్షునికి గంటసేపు కండ్లు కనబడలేదు. తీర్పు ఏకగ్రీవం: కారానికి.

అక్కడితో నివేదిక ముగియవలసింది. కానీ గంగవ్వ కండ్లు తుడుచుకుంటూ ఒక మాట అన్నది. అధ్యక్షుడు అలవాటు చొప్పున దాన్ని కూడా రాసుకున్నాడు: "గిసొంటి కాయను ఎంకటవ్వ రంగుకు అన్నదా? అయితే తప్పు కాయది కాదు. దాని ముక్కుకేమో అయింది. జర అడుగుండ్రి." తరువాత అధ్యక్షుడు ఈ వాక్యం సభ్యురాలి వ్యక్తిగత అభిప్రాయమని, విచారణ పరిధిలోకి రాదని భావించి కొట్టివేశాడు. అటుపిమ్మట మొత్తం నివేదికను, అది తనకు వ్యతిరేకంగా ఉన్నందున, బీరువాలో పెట్టి తాళం వేశాడు. మూడు రోజుల తరువాత నీకు ఉగాది ఉత్తరం రాసినప్పుడు బీరువా తాళంచెవి ఆయన జేబులోనే ఉన్నది.

ఈ నెల నాలుగో తేదీన వాన పడి పంచాయతీ గోడమీద రంగు కారిపోయింది. పట్టికను మళ్ళీ రాయమన్నారు. నిచ్చెన వేసుకుని పాత అక్షరాల మీదుగానే రాస్తూ వచ్చాను. జ్వరం. దగ్గు. ఆయాసం. చివర, వంగి చూస్తే గాని కనబడని ఆ నాలుగో పంక్తి దగ్గరికి వచ్చాను. ఫిబ్రవరిలో నా చేతితో నేను రాసిందే: వాసన, రుచి తెలియకపోవడం.

గోడ మొత్తానికి సున్నం కొట్టించి దాన్ని మొదటి పంక్తిగా రాశాను, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో. దస్తూరి బాగా కుదిరిందని సర్పంచి అన్నారు.

నమూనాలో మిగిలిన కాయలు అట్లాగే ఉన్నాయి. వినోద వాటిని ముట్టదు. డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ఇల్లంతా దగ్గుతుంది.

నీకు ఫోన్ చేయాలని రెండుసార్లు అనుకున్నాను. అవ్వ ఉత్తర్వును రద్దుచేసే అధికారం నీకు గాని నాకు గాని లేదు. రాసేటప్పుడన్నా సోయి ఉంటదని ఆమె అనుకున్నది. నా ఉత్తరాల నకళ్ళు తీసి మళ్ళీ చదివాను. దస్తూరి ఉన్నది, తేదీలు ఉన్నవి, సూచికలు ఉన్నవి.

బ్రహ్మచారి

జతపరచినది: నివేదిక, ఒక పుట. కొట్టివేసిన వాక్యం మీద గీత ఒక్కటే ఉన్నది. చదవడానికి అడ్డం లేదు.